చేనికి వేసిన ముగ్గు

తిరుపతి నుంచి పంటకని పంపించిన జిప్సం మూట విప్పి, మొదటి చిప్పెడు తీసుకుని వాకిట్లో ముగ్గేసింది నేనే. ఈ సంగతి ఇంకొకరు చెప్పకముందే నేను చెప్పుకోవడం మంచిది. మా ఊళ్ళో ఒక మాట మొదటి వాకిట్లో పుట్టి నాలుగో వాకిలి చేరేసరికి దానికి కాళ్ళూ కొమ్ములూ వచ్చేస్తాయి.

మాది ముత్యాలకండ్రిగ. పుత్తూరు నుంచి నగరి పోయే బస్సు దిగి రెండు మైళ్ళు నడవాలి. నా పేరు మునిలక్ష్మి. నాకు నోరెక్కువని మా అత్త గంగులమ్మ అంటుంది. ఎక్కువేం కాదు, మనసులో మాట నోటికి రావడానికి నాకు అందరికంటే తక్కువ సేపు పడుతుంది, అంతే. పదో తరగతి పాసైన కోడలు కావాలని ఏరికోరి తెచ్చుకున్నది వాళ్ళే. తెచ్చుకున్నాక ఆ చదువుతో ఏం చేసుకోవాలో ఎవరికీ తోచలేదు. మా ఆయన జయచంద్ర నగరిలో మరమగ్గం నడిపేవాడు. వారానికొకసారి వచ్చి పోయేవాడు. చేను నేనూ, మా మామ మునిరామయ్యా చూసుకునేవాళ్ళం. అంటే ఆయన చెప్పేవాడు, నేను చేసేదాన్ని.

నేను చెప్పేది తొంభై ఆరో సంవత్సరం మాట. మాకున్నది ఒక్క ఎకరా, ఎర్ర ఇసుక నేల. వానలకు శెనక్కాయ తప్ప ఇంకేదీ రాదు. ఆ శెనక్కాయ మూడేళ్ళుగా మమ్మల్ని ఎగతాళి చేస్తోంది. చెట్టు చూస్తే ఏపుగా, నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది. పీకితే గుత్తులు గుత్తులుగా కాయలు. కాయను రెండు వేళ్ళ మధ్య ఒత్తితే టప్పుమంటుంది, లోపల గాలి. పైన పటారం, లోన లొటారం. గింజ లేని ఆ కాయను మా వైపు పొల్లు అంటాం. మూడేళ్ళుగా మా కల్లంలో కాయలకంటే పొల్లే ఎక్కువ.

ఆ ఏడు విత్తనం వేయకముందే ఇటుకల బట్టీ దొరస్వామి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. పక్క ఊరివాడే. అప్పటికే చుట్టుపక్కల మూడు చేలు పదేళ్ళ కౌలుకు తీసుకుని, మూడడుగుల లోతు మట్టి తవ్వి ఇటుకలు కాల్చాడు. వాన పడితే ఆ చేలల్లో కప్పలు అరుస్తాయి. ఇంకేమీ పండవు.

“ఎన్నాళ్ళని పొల్లు ఏరుకుంటావు మామా? ఇటుకకు పొల్లనేది లేదు” అన్నాడు దొరస్వామి.

మా మామ తమలపాకుకు సున్నం రాసి, మడిచి బుగ్గన పెట్టుకున్నాడు. “ఈ ఒక్క ఏడు సూస్తా. ఈసారి గూడా పొల్లే అయితే చేను నీదే పో” అన్నాడు.

గడప లోపల నిలబడి విన్నాను. చేను పోతే నేను నగరి పోవాలి. మా ఆయన అప్పటికే అక్కడ ఒక రేకుల గది చూసి పెట్టాడు. పగలంతా మగ్గాల చప్పుడు, కిటికీ తీస్తే పక్కింటి గోడ. ఈ ఊళ్ళో నాకు నాది అనిపించింది ఏదైనా ఉందంటే ఆ ఎకరా చేనే. ఏడుపొచ్చింది. నాకు ఏడుపొస్తే అది ఎక్కువసేపు ఏడుపుగా ఉండదు, కోపంగా మారిపోతుంది.

“మూడడుగుల మట్టి తవ్వుకోని పోతే మళ్ళా ఎవురు తెచ్చి పోస్తారు మామా?” అని లోపల్నుంచే అడిగాను.

“గమ్మునుండు అమ్మాయ్” అన్నాడాయన. ఆయన పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్ళు.

విత్తనం వేసిన మూడో వారంలో తిరుపతి పరిశోధన కేంద్రం నుంచి ఒక జీపు వచ్చింది. అందులోంచి సన్నగా, కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక పిల్ల దిగింది. పేరు సమీరా. శాస్త్రవేత్త అన్నారు. నాకంటే రెండేళ్ళు చిన్నగా ఉంది. పాల సొసైటీ రూము ముందర మగవాళ్ళంతా చాప మీద కూర్చున్నారు. పాలు పోయడానికి వచ్చిన ఆడవాళ్ళం వెనక నిలబడ్డాం. ఆమె గోడకు ఒక పటం తగిలించి మాట్లాడింది. కాల్షియం లోపం, గంధకం, హెక్టారుకు ఐదు వందల కిలోలు, ఊడలు దిగు దశ. ఒక్క ముక్క కూడా తప్పు చెప్పలేదనుకుంటాను. ఒక్క ముక్క కూడా ఎవరికీ ఎక్కలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, ఆ రోజు వినేవాళ్ళకు చెప్పే మనిషి లోకువైపోయింది. ఒకాయన కూర్చున్నచోటే కునుకు తీశాడు.

చివర్లో పది మంది రైతులకు తలా రెండు మూటల జిప్సం ఇచ్చి, అరెకరాకు వేసి చూడమంది. మా మామ మూట మూల విప్పి, గుప్పెడు తీసి చూశాడు. తెల్లటి పిండి.

“ఇది సున్నం. సున్నం పోసిన సోట గడ్డి గూడా మొలవదు” అని తేల్చేశాడు.

ఊళ్ళో మా మామ మాటకు ఎదురులేదు. పది మందీ మూటలు మోసుకుపోయి అరుగుల మీద పడేశారు. మా మూటల మీద కోడి గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది.

ఆడికృత్తిక పండగ వచ్చింది. మా వైపు మొక్కు కావళ్ళు ఎత్తుకున్నవాళ్ళు తిరుత్తణి కొండకు నడిచిపోయేది మా వీధి మీదుగానే. వాళ్ళ పాదాల కింద మట్టి వీధి ఉంటే మాకు చిన్నతనం. వాకిలి మొదలుకొని వీధి చివర దాకా ముగ్గు పరిచేస్తాం. కింది వీధి గొప్పా, పై వీధి గొప్పా అని ఏటా ఒక పోటీ. ఆ ఏడు ముగ్గురాయి పొడి అమ్మే మనిషి రాలేదు. వాకిట్లో పేడనీళ్ళు చల్లి ఆరబెట్టుకుని, చేతిలో పిండి లేకుండా నిలబడ్డాను. కళ్ళు అరుగు మీది మూట మీదికి పోయాయి.

ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. ముగ్గురాయి పొడి వేళ్ళ మధ్య గరగరలాడుతుంది. ఇది జారుతుంటే తెలియనే తెలియదు. పద్దెనిమిది చుక్కల మెలికల ముగ్గు వేసి నడుం ఎత్తేసరికి పక్కింటామె చిప్ప పట్టుకుని నిలబడి ఉంది. గంట తిరక్కుండా పది ఇళ్ళలోనూ మూటలు విప్పారు. కావళ్ళ వాళ్ళు ఆ ముగ్గులు చూసి, తొక్కలేక, వారగా ఒదిగి నడిచిపోయారు. పై వీధివాళ్ళ మొహాలు చూడాలి. ఆ పొద్దు నేను పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకా ఉంది. మధ్యాహ్నం జీపు వచ్చింది.

సమీరా మేడం వీధి మొదట్లో ఆగిపోయింది. వంగి, చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. తలెత్తి వీధంతా చూసింది. ఆమె ఇచ్చిన జిప్సం మా వీధిలో పద్మాలుగా, చిలకలుగా, మెలికలుగా పరుచుకుని ఉంది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బదులు చెప్పడానికి నా దగ్గర నాలుగు మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఆమె అరవలేదు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, కావళ్ళ వాళ్ళ మాదిరే, ముగ్గు తొక్కకుండా వారగా నడిచి వచ్చింది. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది.

“మొదట ఎవరు వేశారమ్మా?” అని అడిగింది.

“నేనే మేడం.”

“ఇది పంటకిచ్చిందని తెలుసా?”

“తెలుసు. మా మామ సున్నమన్నాడు. చేన్లో పోస్తే కాలిపోతాదన్నాడు. ఊరికే పడుండాది గదా అని...” సిద్ధం చేసుకున్న నాలుగు మాటలూ ఎటు పోయాయో తెలియదు.

ఆమె మా అరుగు మీద కూర్చుంది. చెంబుతో నీళ్ళిస్తే సగం తాగి, సగం మొహం మీద చల్లుకుంది. “మా నాయన ఖాదర్ బాషా తిరుపతిలో టైలరు. చొక్కా సరిపోలేదని ఎవరైనా తిరిగి తెస్తే, తప్పు కొలత తీసినోడిదే, తొడుక్కున్నోడిది కాదు అంటాడు. నేను మీకు సరిగ్గా చెప్పలేదు” అంది. తర్వాత చిన్నగా, “నా ఉద్యోగంలో ఇదే మొదటి ఊరు” అని కూడా అంది.

ఆ మాటకు నా మనసు కరిగిపోయింది. చదువుకున్నవాళ్ళు తప్పు తమదని ఒప్పుకోవడం నేను చూడ్డం అదే మొదటిసారి.

“ఇప్పుడు చెప్పండి మేడం. పటం లేకుండా చెప్పండి. మా చెట్టు అంత పచ్చగా ఉండాదే, కాయ ఎందుకు పొల్లు పోతా ఉండాది?”

ఆమె పుల్లతో వాకిలి పక్క మట్టిలో చెట్టు గీసింది. పువ్వు గీసింది. పువ్వు రాలాక అక్కడి నుంచి ఒక ఊడ కిందికి దిగి మట్టిలో దూరుతుంది, దాని కొసన కాయ ఊరుతుంది. ఇది మాకూ తెలుసు. తెలియనిది తర్వాత చెప్పింది. వేరు తాగిన కాల్షియం పైకి, ఆకుకు పోతుంది. అక్కడి నుంచి కిందికి రాదు. మట్టిలో ఉన్న కాయ తనకు కావలసింది తన ఒంటితోనే, తన చుట్టూ ఉన్న మట్టి నుంచే పీల్చుకోవాలి. మా ఇసుక నేలలో అది లేదు, జిప్సంలో ఉంది. అందుకే ఆకు పచ్చగా, కాయ ఉత్తిగా.

“అంటే తల్లికి పెడితే సాలదు, బిడ్డ నోటికాడ పెట్టాల” అన్నాను.

సమీరా మేడం పుల్ల పక్కన పెట్టి నా వైపు చూసింది. “నేను రెండేళ్ళు చదివింది నువ్వు ఒక్క మాటలో చెప్పావక్కా” అంది. అప్పటినుంచి నేను ఆమెకు అక్కనే.

“అయితే యాడ పడాల ఈ పిండి?”

“సాలు వెంబడి, చెట్టు మొదట్లో, ఊడలు దిగే చోట. బెత్తెడు వెడల్పున, ఒకే మందంగా. గుప్పిళ్ళతో విసిరితే ఒకచోట కుప్ప పడుతుంది, ఒకచోట అసలుండదు, సగం గాలికి పోతుంది. వేసి, పైన మట్టి ఎగదోయాలి. ఇంకో వారమే టైము. ఊడలన్నీ దిగిపోతే ఆ తర్వాత వేసి లాభం లేదు.”

నేను మా వాకిలి చూశాను. చుక్క నుంచి చుక్కకు, ఎక్కడా లావు సన్నం లేకుండా పోయిన గీత చూశాను. “మేడం, మగోళ్ళు విసిరేది సూసి మీరు భయపడతా ఉండారు. మీరు చెప్పేది చల్లుడు గాదు. అది ముగ్గు” అన్నాను.

ఇంక మిగిలింది మా మామ. మధ్యాహ్నం సంగటి తిని, ఆకూ వక్కా ముందు పెట్టుకుని అరుగు ఆ చివర కూర్చున్నాడు. అంతా వింటూనే ఉన్నాడు, విననట్టు.

“చేన్లో సున్నం పోయనిచ్చేది లేదు” అన్నాడు నేను నోరు తెరవకముందే.

“సున్నం కాదు పెద్దాయనా...” అని మేడం ఏదో చెప్పబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. మా మామకు పుస్తకంలో మాట చెప్తే ఎక్కదు. నలభై ఏళ్ళుగా నోట్లో నానుతున్నదాని గురించి అడగాలి.

“మామా, ఆకులో సున్నం లేకుంటే నోరు పండుతాదా?”

“ఎట్ల పండుతాది? ఎర్రి పిల్లా.”

“అయితే ఈ పొద్దు నీ డబ్బీలో సున్నం వద్దు. ఈ పిండి రాసుకోని నములు. నోరు ఎర్రగా పండితే ఇది సున్నమే. మూటలన్నీ ఎత్తి గుంటలో పోస్తా, ఇంక నోరెత్తను.”

వీధిలో ఆడవాళ్ళు ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. ఇంతమంది ముందు వెనక్కి తగ్గడం మా మామకు చేతకాదు. ఆకు తుడిచి, వేలితో జిప్సం తీసి బాగా రాసి, వక్క పెట్టి మడిచి బుగ్గన పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. ఉమ్మాడు. ఆకుపచ్చగా, మబ్బుగా పడింది. ఇంకొంచెం పిండి వేసుకుని నమిలాడు. మా అత్త లోపలికి పోయి అద్దం తెచ్చి మొగుడి మొహం ముందు పట్టింది. ఆమె ఆయన ముందు అంత ధైర్యంగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. ఆయన నాలిక చాపి చూసుకున్నాడు. మేక నాలిక మాదిరి ఉంది.

“మన్ను తిన్నట్టుండాది” అన్నాడు చివరికి.

“సున్నం మన్ను మాదిరి ఉంటాదా మామా?”

ఆయన చెంబు తీసుకుని నోరు కడుక్కున్నాడు. తుడుచుకున్నాక, “నోరు పండకుంటే చేను పండుతాదని ఎవురు చెప్పినారు?” అని గొణిగి, “తూర్పు సగం నీది. పడమర సగం నాది. నడిమద్దెన గట్టు గీసుకో. నా సగంలో చిటికెడు పడినా ఊరుకోను” అన్నాడు.

సగం చాలు నాకు. మా మూటల్లో ఒకటి సగానికి సగం వీధిలో ఉంది గనక, చాట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. “ముగ్గుపిండే గదా, ఎత్తుకోని పోమ్మే” అని మొగవాళ్ళే ఎత్తి పోశారు. పిండి కొద్దీ రొట్టె అంటారు. నా రొట్టెకు పిండి సరిపోయింది.

మర్నాడు తెల్లవారగానే మా వీధి ఆడవాళ్ళం ఆరుగురం చేన్లోకి దిగాం. కలుపు ముందే తీసి ఉంది. చిప్ప ఎడమ చేతిలో, వేళ్ళ సందున పిండి, వంగిన నడుం వంగినట్టే సాలు వెంబడి వెనక్కి నడుస్తూ గీత వేసుకుంటూ పోవడం. మొదటి సాలు అయ్యేలోపు వెనక అడుగుల చప్పుడైంది. మా అత్త. మామకు చెప్పకుండా వచ్చింది. ఊళ్ళో మా అత్త చెయ్యంటే చెయ్యి. ఆమె వేలు వదిలితే తాడు పట్టుకుని గీసినట్టు వస్తుంది. “నీ గీత వంకర్లు పోతా ఉండాది, జరుగు” అని నన్ను పక్కకు నెట్టి, నేనొక సాలు వేసేలోపు రెండు వేసింది. మళ్ళీ జీపులో వచ్చిన సమీరా మేడం కూడా చీర ఎగదోపుకుని ఒక సాలు వేసింది. అది చూసి ఆరుగురం నవ్వాపుకోలేకపోయాం. కోడి తిరిగినట్టుంది. ఆమె కూడా నవ్వింది.

అప్పుడే లూనా మీద పోతూ దొరస్వామి ఆగాడు. ఆకుపచ్చ చేలో పొడుగునా తెల్ల గీతలు, మధ్యలో నడుములు వంచిన ఆడవాళ్ళు.

“ఏం మునిలక్ష్మీ, చేనుకు పెండ్లి చేస్తా ఉండావా?” అన్నాడు.

“పెండ్లేనప్పా. భోజనాలు కల్లంలో. మర్సిపోకుండా రా” అన్నాను.

ఊరంతా అదే మాట. మునిరామయ్య కోడలు చేనుకు ముగ్గేసిందట. పాల సొసైటీ దగ్గర, బస్సు దగ్గర, నగరిలో మా ఆయన మగ్గం దగ్గర కూడా. ఆ వారం మా ఆయన తలొంచుకుని వచ్చాడు. “మళ్ళా ఆ గది మాట ఎత్తితే నీ నెత్తిన గూడా ముగ్గేస్తా” అని చెప్పాను. పాపం, నవ్వాడు.

తర్వాతి రెండు నెలలు మాత్రం నాకు నవ్వు రాలేదు. శెనక్కాయతో వచ్చిన చిక్కే అది, ఏమున్నా మట్టి కిందే దాస్తుంది. గట్టు మీద నిలబడి చూస్తే తూర్పు సగమూ పడమర సగమూ ఒకటే పచ్చ, ఒకటే ఎత్తు. మేడం పదిహేను రోజులకొకసారి వచ్చేది. పై అధికారి మిగతా తొమ్మిది మంది రైతులు ఎక్కడని అడిగాడట. ఆమె చేతిలో ఉన్నదల్లా నా అరెకరా. ఒకరోజు ఒక చెట్టు పీకి చూద్దామని నేను వంగితే మా మామ అరిచాడు.

“కడుపుతో ఉండేదాన్ని కోసి సూస్తారా ఎవురైనా? ఆగు.”

అరిచాడే గానీ, సాయంత్రాలు పోయి నిలబడేది తూర్పు గట్టు మీదే. నేను చూశాను. చూసినట్టు చెప్పలేదు.

అక్టోబరులో చెట్లు పీకాం. రెండు సగాల కాయలూ విడివిడిగా కోసి, నాలుగు రోజులు ఎండబెట్టి, కల్లంలో రెండు కుప్పలు పోశాం. చూపుకు రెండూ ఒకటే, ఒత్తి చూడనివ్వలేదు మా మామ. తేల్చవలసింది గాలి. మా వైపు కాయను ముక్కాలి పీట ఎక్కి చాటతో ఎత్తి పోస్తాం. గట్టి కాయ కాళ్ళ దగ్గర పడుతుంది, పొల్లు గాలికి ఎగిరి దూరం పోతుంది. ఆ రోజు తూర్పు గాలి బాగా తిరిగింది. మేడం వచ్చింది. ఊళ్ళోవాళ్ళు వచ్చారు. దొరస్వామి చేతిసంచిలో కౌలు కాగితం పెట్టుకుని వచ్చాడు. రోజులు లెక్కపెట్టుకున్నట్టున్నాడు.

మొదట పడమర కుప్ప. మా అత్త పీట ఎక్కి పోసింది. కాయలు గాలిలో తేలి, కల్లం దాటి కంచె దాకా పోయాయి. చాట తర్వాత చాట, అదే వరస. మా అత్త కాళ్ళ దగ్గర కుప్ప ఎదగలేదు. అవతల పొల్లు గుట్టయింది. దొరస్వామి సంచిలోంచి కాగితం తీసి దుమ్ము దులిపాడు.

“ఇంకా ఏం సూస్తావు మామా?” అన్నాడు.

“ఇంకో కుప్ప ఉండాది మామా” అన్నాను.

మా మామ కండువా నడుముకు బిగించాడు. “దిగు” అని పెళ్ళాన్ని దించి తానే పీట ఎక్కాడు. నేను తూర్పు కుప్పలోంచి చాట నింపి అందించాను. ఆయన చేతులెత్తి పోశాడు. కాయలు టపటపా నేరుగా ఆయన పాదాల దగ్గర పడ్డాయి. ఎండుటాకులు, నాలుగు గుల్లలు తప్ప ఏదీ ఎగరలేదు. ఆయన కిందికి చూసి, “గాలి పడిపోయినట్టుండాది” అన్నాడు. ఆయన కండువా కొస గాలికి మొహం మీద కొట్టుకుంటూనే ఉంది. రెండో చాట ఇంకా ఎత్తి పోశాడు. మూడోది మునివేళ్ళ మీద లేచి పోశాడు. కాయలు ఆయన మడమలు కప్పేశాయి. కల్లమంతా కాయలు పడుతున్న చప్పుడే.

మా మామ పీట దిగాడు. గుప్పెడు కాయలు చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. గింజ వదులుగా ఉంటే గలగలమనాలి. అనలేదు. వేళ్ళ మధ్య ఒత్తాడు. విరగలేదు. పంటితో కొరికితే విచ్చుకుంది. లోపల రెండు ఎర్రటి గింజలు ఒకదానికొకటి ఒరుసుకుని, ఇంకో నూలు పోగుకు కూడా చోటు లేకుండా ఉన్నాయి. ఆయన ఆ రెండు గింజలూ చూసి, చూసి, తన నోట్లో వేసుకోకుండా నా అరచేతిలో పెట్టాడు.

ఏడ్చాను. అందరి ముందే ఏడ్చాను. ఈసారి అది కోపంగా మారలేదు. పక్కకు తిరిగితే సమీరా మేడం కళ్ళద్దాలు తీసి చీర కొంగుతో తుడుస్తోంది. అద్దాలకేమీ కాలేదు.

తూర్పు సగంలో ఎనిమిది మూటలు. పడమర సగంలో ఐదో మూట నిండలేదు. నేలా ఒకటే, వానా ఒకటే, విత్తనమూ ఒకటే. తేడా ఆ గీత ఒక్కటే. నవ్విన నాపచేనే పండుతుందని మా అమ్మ అంటుండేది. ఆ రోజు ఆ మాట గట్టిగా అనలేదు గానీ, నవ్విన మొహాలన్నిటినీ ఒక్కొక్కటిగా తీరిగ్గా చూశాను. అంతమాత్రం సంతోషం నాకు దక్కాలి.

దొరస్వామి కాగితం ఇంకా చేతిలోనే పట్టుకున్నాడు. మా మామ మొలలోంచి ఆకుల సంచి తీశాడు. ఆకు తుడిచి, రాసి, వక్క పెట్టి, మడిచి దొరస్వామి చేతికిచ్చాడు. మా వైపు బేరం ఖాయమైతేనే అట్లా తాంబూలం ఇస్తారు. దొరస్వామి మొహం వెలిగిపోయింది. బుగ్గన పెట్టుకుని నమిలాడు. నమిలి, పక్కకు ఉమ్మాడు. పచ్చగా పడింది.

“ఏం మామా, సున్నం మర్సినట్టుండావే” అన్నాడు.

“మర్సలేదప్పా. దాంట్లో రాసింది జిప్సం. అది సున్నం కాదని ఊరందరికీ తెలిసిపోయినాది. నీకొకడికి తెలియాల్సి ఉండె” అన్నాడు మా మామ. “ఎంత నమిలినా నీ బేరం గూడా ఇంతే, రంగు రాదు. కాగితం ఎత్తుకోని పో.”

నేను దొరస్వామిని ఆగమని, తూర్పు సగం కాయలు అప్పటికప్పుడు మూకుడులో వేయించి చాటెడు తెచ్చి ముందు పెట్టాను. పెళ్ళి భోజనానికి పిలిచింది నేనే గదా, మాట తప్పకూడదు. అతను రెండు కాయలు వలుచుకుని తిన్నాడు. మూడోది కూడా తిన్నాడు. లూనా ఎక్కేముందు వాళ్ళ నాయన చేను గురించి మేడంను ఏదో అడగడం నా కంటపడింది.

మరుసటి ఏడు ఆడికృత్తికకు కావళ్ళ వాళ్ళు మా వీధిలో ఆగి, ఏందమ్మా ఈసారి ముగ్గులు ఇంత సన్నగా ఉండాయి అని అడిగారు. వీధిలో ఉన్నది మామూలు ముగ్గురాయి పొడి, అదీ పొదుపుగా. జిప్సం చిటికెడు కూడా వాకిళ్ళకు మిగల్లేదు. తల తిప్పి చేల వైపు చూపించాను. ఊరి కొస నుంచి కాలవ గట్టు దాకా, ఏ చేనులో చూసినా పచ్చటి సాళ్ళ మధ్య తెల్లటి గీతలు. పక్క ఊళ్ళకు మా ఆరుగురినీ పిలిచి నేర్పించమన్నారు. తిరుపతిలో రైతుల సభకు రమ్మని మేడం ఉత్తరం రాసింది, వేదిక మీద మాట్లాడాలట. మాట్లాడను, బస్తాడు మట్టి పరిపించు, వేసి చూపిస్తా అని జవాబు రాశాను.

ఆ పొద్దు మా పడమర సగానికి గీత వేయడానికి చిప్ప తీసుకుని బయల్దేరాను. మా మామ అరుగు మీది నుంచి పిలిచాడు. ఏదో మంచి మాట చెప్తాడేమోనని ఆగాను.

“నా సగానికి మీ అత్తను పంపించు” అన్నాడు. “నీ గీత వంకర.”